ఎర్ర టోపీ ఆవిడ ఎవరు

హారిసన్, కాన్‌బెర్రా
12 ఏప్రిల్ 2009, ఈస్టర్ ఆదివారం

జెన్సీకి,

పండగ పూట చెల్లెలి మీద కోపంతో జాబు మొదలుపెట్టకూడదని, చర్చి నుంచి వచ్చి, అన్నం తిని, గిన్నెలన్నీ కడిగేసి మరీ కూర్చున్నాను. అయినా తగ్గలేదు. పొద్దున ఫోన్లో ఎవా నన్ను "బాగున్నారా మమ్మీ, భోంచేశారా" అని అడిగింది. నా కడుపున పుట్టిన పిల్ల నన్ను మీరు అంటోంది. వెనక నుంచి నువ్వేదో చెప్పబోతే నీతో మాత్రం "ఉండవే పిన్నీ" అంది. డేనీ పకపకా నవ్వి, "ఆరేళ్ళకే మర్యాద నేర్చుకుంది, సంతోషించు" అన్నాడు. పై ఊరి చుట్టాన్ని పలకరించినట్టు పలకరిస్తే సంతోషించాలిట నేను.

సరే, దాన్ని పెంచుతున్నది నువ్వు. చదువు కోసమని ఏడాది కిందట నీ చేతుల్లో పెట్టి విమానం ఎక్కింది నేను. ఏమనడానికీ నాకు నోరు లేదు.

ఇక్కడ చలి మొదలైంది. రాజారావు అంకుల్ వాళ్ళ ఇంటి వెనక గదిలోనే ఉన్నాం. డేనీకి సూపర్‌మార్కెట్లో రాత్రిళ్ళు సరుకులు సర్దే పని. నాకు పొద్దున యూనివర్సిటీ, ఆ తర్వాత పిల్లల సెంటర్లో ప్లేస్‌మెంట్ పని. ఒకే గదిలో ఉంటూ మొగుడూ పెళ్ళాలం ఫ్రిజ్ మీద చీటీలు అంటించుకుని మాట్లాడుకుంటున్నాం.

ఈ టర్మ్ మా చిన్నపిల్లల టీచరు కోర్సులో పాఠం, పిల్లల బొమ్మల పుస్తకాలు. మా ట్యూటర్ మోయిరా వాళ్ళ పూర్వీకులు ఐర్లండు వాళ్ళు. మొన్న బల్ల నిండా సాగరకన్యల పుస్తకాలు పరిచింది. వాళ్ళ సాగరకన్యకి ఎర్ర టోపీ ఉంటుందట. అది నెత్తిన ఉంటేనే సముద్రంలోకి పోగలదు. ఒక జాలరి ఆ టోపీ దొంగిలించి ఇంటి కప్పులో దాచేస్తాడు. ఆవిడ చేసేదిలేక వాడిని పెళ్ళాడి, పిల్లల్ని కని, గంజి కాస్తూ ఉండిపోతుంది. ఓ రోజు పిల్లలకి టోపీ దొరుకుతుంది, తెచ్చి అమ్మకిస్తారు. ఆవిడ పెట్టుకుని వెళ్ళిపోతుంది. అంతే కథ. ఒక పుస్తకంలో వెళ్ళేముందు పిల్లలకి తల దువ్వుతుంది, ఇంకోదాంట్లో రోజూ ఒడ్డుకి వచ్చి చూసిపోతుంది. చదివే పిల్లలు బెంగపెట్టుకుంటారని పెద్దవాళ్ళు చివర్లు మారుస్తారుట. ఈ ఊరికి సముద్రమే లేదు, చెరువు ఉంది. అయినా క్లాసులో సగం మంది కళ్ళు తుడుచుకున్నారు. నా సంగతి అడక్కు.

అసైన్‌మెంట్ ఏంటంటే, ఆ కథని మాటలు లేకుండా బొమ్మల్లోనే చెప్పాలి. చిన్నపిల్లలకి చూపించి వాళ్ళేమన్నారో రాయాలి. నేను వేసిన పుస్తకం కాపీ పంపుతున్నాను. ఎవాకి చూపించు. నువ్వు ఒక్క మాట కూడా చెప్పకు. అదే చూసి, అదే కథ చెప్పాలి. ఏమందో ఉన్నదున్నట్టు రాయి. వేశాక చూసుకుంటే సాగరకన్య గడ్డం మీద నా పుట్టుమచ్చ పడింది. కావాలని వెయ్యలేదు. పోల్చుకుంటుందేమో చూడు.

నీ అక్క
మరియరాణి


జగన్నాథపురం, కాకినాడ
30 ఏప్రిల్

అక్కా,

దేవుని కృప వల్ల మేం బాగానే ఉన్నాం, ఎండ తప్ప. పొద్దున్న పోయిన కరెంటు మధ్యాహ్నానికి గాని రావడం లేదు. కాన్వెంటుకి సెలవులిచ్చారు గాని మా టీచర్లని మాత్రం రమ్మంటున్నారు. కొత్త ఏడాది అడ్మిషన్ల కోసం ఇల్లిల్లూ తిరగాలట. నువ్వేమో చెరువు ఒడ్డున కోటు వేసుకుని ఫోటోలు దిగుతున్నావు. అమ్మ డ్యూటీకి వెళ్తూ ఆ ఫోటో ఆసుపత్రికి పట్టుకెళ్ళి నర్సులందరికీ చూపించింది. నా ఫోటో ఎప్పుడైనా ఎవరికైనా చూపించిందా అని అడిగితే, "నువ్వు ఇక్కడే ఉన్నావుగా" అంది.

మీరు అనమని నేను నేర్పలేదు. సండే స్కూల్లో పెద్దవాళ్ళని అలా పిలవమన్నారు. రోజూ ఒళ్ళో కూర్చునే దాన్ని మీరు అనడం దానికి చేతకాదు, అంతే. దీనికి కూడా నేనే జవాబుదారీ అయితే ఎలా?

పుస్తకం అందింది. నువ్వు చెప్పినట్టే ఒక్క మాటా చెప్పలేదు. దాని ముందు పెట్టి నేను పప్పు ఏరుకుంటూ కూర్చున్నాను. ఎవా మొత్తం కథ చెప్పేసింది. "ఈయన దొంగ. టోపీ దాచేశాడు. ఆవిడకి తెలీదు. పాపం వంట చేస్తోంది." టోపీ దొరికిన పేజీ దగ్గర ఆగిపోయింది. "ఇవ్వకూడదు, వీళ్ళకి బుద్ధి లేదు" అని పిల్లల బొమ్మ మీద కొట్టింది. ఆఖరి పేజీలో ఏడుపు లంకించుకుంది. ఎంత ఊరుకోబెట్టినా ఊరుకోలేదు. "వెళ్ళిపోతుంది కదా, వెళ్ళిపోతుంది కదా" అదే మాట. ఇప్పుడా పుస్తకం తలగడ కింద పెట్టుకుని పడుకుంటోంది.

ఇలాంటివి ఇంకెప్పుడూ పంపకు అక్కా. చదువు నీది, ఏడుపు మా ఇంట్లో.

బావకి నా వందనాలు చెప్పు.

జెన్సీ


హారిసన్
20 మే 2009

బంగారు జెన్సీకి,

నీ జాబు బస్సులో ఒకసారి, యూని మెట్ల మీద ఒకసారి చదివాను. అది ఏడ్చిందంటే నాకు ఎంత సంతోషమైందో చెప్తే నన్ను రాక్షసి అంటావు. అనుకో. ఏడాది దాటింది, ఫోన్లో ఒక్కసారైనా బెంగగా మాట్లాడదు, అన్నీ "ఊఁ", "సరేనండి". నన్ను మర్చిపోయిందనే అనుకున్నాను. మర్చిపోలేదు. పుట్టుమచ్చ చూసి పోల్చుకుంది చూశావా? "టోపీ ఇవ్వకూడదు" అందంటే, నన్ను వెళ్ళనివ్వకుండా ఉండాల్సిందని దాని మనసులో ఉంది. అదే రాశాను అసైన్‌మెంట్‌లో. మోయిరా క్లాసులో చదివి వినిపించింది. రాజారావు అంకుల్ వాళ్ళ అబ్బాయి రిషికి చూపిస్తే వాడు ఇంగ్లీషులో, ఆవిడకి ఇంకో టోపీ కొనిస్తే గొడవ ఉండదు కదా అన్నాడు. సుమ ఆంటీ మురిసిపోయింది. నాకు మాత్రం నా కూతురే గొప్ప.

ఇంతకీ అది ఏడ్చినప్పుడు ఎవరి ఒళ్ళో పడుకుంది? రాయలేదు నువ్వు. రాయక్కర్లేదులే.

నువ్వు పంపిన ఎవా ఫోటో చూశాను. దాని జుట్టు ఏదీ? నడుం దాకా ఉన్న జుట్టు భుజాల పైకి కత్తిరించేశావు. నన్ను ఒక్క మాట అడగాలనిపించలేదా? అది పుట్టినప్పటి నుంచి ఆముదం రాసి, సాంబ్రాణి వేసి పెంచిన జుట్టు. నీకు నచ్చినట్టు చేసుకోవడానికి అది నీ బొమ్మ కాదు జెన్సీ. కనీసం ఆ జుట్టు ఒక పాయ దాచి ఉంచావా, పెంటలో పారేశావా?

అసలు సంగతి విను. జులైలో యూనికి సెలవులు. డేనీ అదనపు షిఫ్టులు చేసి టికెట్ కొన్నాడు. నేనొక్కదాన్నే వస్తున్నాను, పదిహేను రోజులు. ఎవాకి చెప్పకు. ఇక్కడ చలికి ఎర్ర ఉన్ని టోపీ కొనుక్కున్నాను. అదే తెచ్చి, మంచం మీద పెట్టి, చూడనట్టు ఉంటాను. ఎక్కడ దాస్తుందో చూద్దాం. నవ్వుకో, ఫరవాలేదు.

అక్క


కాకినాడ
8 జూన్ 2009

అక్కకి,

జుట్టు పెంటలో పారెయ్యలేదు. కాల్చాను. పేలు పట్టాయి. రెండు నెలలు దువ్వెనతో కుస్తీ పట్టాను, ఆసుపత్రి మందు రాశాను, నా తలకీ పట్టాయి. చివరికి పుండ్లు పడుతుంటే కత్తిరించాను. నీకు రాస్తే అక్కడ నిద్ర పోవని రాయలేదు. ఈసారి నుంచి దానికి దగ్గు వచ్చినా రాస్తానులే.

ఎవరి ఒళ్ళో పడుకుందని అడిగావు. నా ఒళ్ళోనే. ఇంకెవరి ఒళ్ళు ఉంది ఇక్కడ, అమ్మ నైట్ డ్యూటీలో ఉంటే?

నాకూ ఒక సంగతుంది. అమలాపురం సంబంధం ఒకటి వచ్చింది. అబ్బాయి పేరు మార్క్, గవర్నమెంటు స్కూల్లో లెక్కల టీచరు. వచ్చి చూసి వెళ్ళారు. పాటలు పాడమని అడగలేదు, వంట వచ్చా అని అడగలేదు. "మీరు ఏం చదువుతుంటారు" అని అడిగాడు. నాకు నచ్చాడు. ఎలాగూ నువ్వు వస్తున్నావు కాబట్టి ప్రధానం నువ్వున్నప్పుడే పెట్టుకుందామని అమ్మ అంటోంది. నువ్వు పెద్దదానివి, పక్కన ఉండాలి.

ఒక్కటి అడుగుతాను, ఏమీ అనుకోకు. ఆ రోజు మాత్రం ఆస్ట్రేలియా కబుర్లు తగ్గించు. నువ్వు మాట్లాడుతుంటే అందరూ నీ చుట్టూ చేరతారు. ఈ ఒక్క రోజు నాది కానివ్వు.

చెల్లెలు
జెన్సీ


హారిసన్
2 ఆగస్టు 2009

జెన్సీ,

దిగగానే రాద్దామనుకున్నాను. కోపంలో రాస్తే మాటలు మిగిలిపోతాయని వారం ఆగాను. ఆగినా అవే మాటలు వస్తున్నాయి.

పదిహేను రోజులూ నా ఎర్ర టోపీ ఆ మంచం మీదే ఉంది. పెట్టె తెరిచే ఉంది. పాస్‌పోర్టు అద్దం ముందు పడేసి ఉంచాను. ఎవరూ ఏదీ దాచలేదు. అది రోజూ ఆ టోపీని పక్కకి జరిపి, అక్కడ కూర్చుని బూట్లు వేసుకుంది. తెచ్చిన గౌన్లు వేసుకుంది, ముద్దు పెట్టమంటే పెట్టింది, రాత్రి కాగానే తలగడ పట్టుకుని నీ పక్కకి వచ్చేసింది. నా పక్కన పడుకోమంటే, "మీకు ఇరుకు అవుతుంది మమ్మీ" అంది. ఎవరు నేర్పారు ఆ మాట?

ప్రధానం రోజున నువ్వు పాస్టర్ గారి ముందు ఉంగరం పెట్టించుకుంటుంటే అది మంచం కిందికి దూరి ఏడ్చింది. లాగి ఎత్తుకుంటే నా భుజం కొరికింది. ఇప్పటికీ గుర్తు ఉంది. చుట్టాలందరి ముందూ, మార్క్ వాళ్ళ అమ్మ ముందూ, నువ్వు పట్టుచీరతో పరుగెత్తుకొచ్చి ఎత్తుకుంటేనే ఊరుకుంది. అప్పుడు నీ మొహం చూశాను. గెలిచినట్టు ఉంది.

ఆఖరి రోజు పుస్తకం తెరిచి నేనే అడిగాను, ఇందులో మమ్మీ ఎవరు అని. అది సాగరకన్యని చూపించలేదు. నేను ఖాళీ నింపడానికి ఒక పేజీలో దూరంగా పడవ వేశాను, అందులో ఒక మనిషి. గోరంత ఉంటుంది. దానికి కళ్ళూ ముక్కూ కూడా వెయ్యలేదు. దాని మీద వేలు పెట్టి, "ఇదిగో మమ్మీ. దూరంగా ఉంది కదా, అందుకే చిన్నగా ఉంది" అంది.

ఆరేళ్ళ పిల్లకి తనంతట తను వచ్చే మాటలు కావివి. నువ్వు పక్కన కూర్చుని చెప్పి ఉంటావు. ఏం చెప్పావో, ఎన్ని రాత్రులు చెప్పావో నీకే తెలియాలి. నా పిల్లకి నా బొమ్మలతోనే నన్ను దూరం చేశావు.

వీసాకి పెట్టేస్తున్నాం. డిసెంబరుకల్లా వచ్చేస్తుంది. ఈ గది చాలకపోతే ఇంకో గది చూసుకుంటాం. నువ్వు పెళ్ళి చేసుకుని నీ పిల్లల్ని కనుక్కో, పెంచుకో.

మరియరాణి


కాకినాడ
25 ఆగస్టు 2009

అక్కా,

నీ జాబు అమ్మకి చూపించలేదు. చూపిస్తే నిన్ను తిడుతుంది, నిన్ను ఇంకొకరు తిడితే నాకు నచ్చదు. నేనే తిడతాను.

ఒక్క మాటా చెప్పొద్దన్నది నువ్వు. చెప్పలేదు నేను. అది మొదటి రోజే ఎర్ర టోపీ ఆవిడని చూసి "పిన్ని" అంది. ఎందుకనదు? డిసెంబరు అంతా ఇల్లిల్లూ క్రిస్మస్ పాటలు పాడుతూ కేరల్స్ రౌండ్స్‌కి వెళ్ళాం కదా. మా గుంపులో క్రిస్మస్ తాత ఎర్ర టోపీ పెట్టుకుని ముందు నడిచేది నేను. గంట కొడుతూ, దీన్ని చంకనేసుకుని జగన్నాథపురం సందులన్నీ తిరిగాను. ఎర్ర టోపీ అంటే దానికి నేనే. నీ పుట్టుమచ్చ దానికి కనిపించలేదు. పెన్ను మరక అనుకుని గోకింది.

అది ఏడ్చింది నీ కోసం కాదు అక్కా. నేను వెళ్ళిపోతానని ఏడ్చింది. అప్పటికే అమ్మా చర్చి ఆంటీలూ ఇంట్లో దాని ముందే సంబంధాల గురించి మాట్లాడుతున్నారు. అది అన్నీ వింటూ కూర్చుంది. వేసవిలోనే నా కేరల్స్ టోపీ కనబడకుండా పోయింది. ఎక్కడుందో తర్వాత కనిపెట్టాను. నువ్వు వదిలేసి వెళ్ళిన ట్రంకు పెట్టెలో, నీ పెళ్ళి చీర మడతల మధ్య. ఆ పెట్టె ఎవరూ ముట్టుకోకూడదని నేనే దానికి చెప్పాను. అందుకే అక్కడ పెట్టింది. నేను చూసి, చూడనట్టు మూత వేసేశాను.

ఇవన్నీ అప్పుడే రాయాల్సింది. కానీ నువ్వు "నన్ను మర్చిపోలేదు" అని అంత సంతోషంగా రాశాక ఎలా రాయను? నీ మొహం మీద నీళ్ళు కొట్టినట్టు ఉంటుందని ఊరుకున్నాను.

గెలిచిన మొహం అన్నావు. అవును, ఆ క్షణం గెలిచినట్టే ఉంది. దాచను. ఎందుకంటే మిగతా అన్నిట్లో నువ్వే గెలుస్తావు. చదువు నీది, విమానం నీది, అమ్మ గొప్పగా చెప్పుకునేది నిన్ను. ఏడాది దాటాక వచ్చి, గుమ్మంలో నిలబడి "నా కూతురు" అంటే చాలు, కాదనేవాళ్ళు లేరు. జ్వరం వస్తే రాత్రంతా తడిగుడ్డ వేసిన నేను ఏమనాలి? నాకు అనుకోవడానికి మాట లేదు. పిన్నినట. ఆ పిలుపు కోసం నువ్వు కుళ్ళుకుంటున్నావు. నాకు నీ మీద ఎంత కుళ్ళుందో నీకు తెలీదు.

ఇంకోటి కూడా వినేసెయ్. నీ ఈ జాబు రాకముందే, నీ చదువు అయ్యేదాకా ఎవాని అమలాపురం తీసుకెళ్తానని మార్క్ వాళ్ళని అడిగాను. ఆయన సరే అన్నాడు. వాళ్ళమ్మ, "కోడల్ని అడిగాం గాని, కోడలితో పాటు పిల్లని అడగలేదు" అంది. అయితే పెళ్ళి జనవరిలో వద్దు, వేసవికి జరుపుకుందామన్నాను. అందుకు వాళ్ళు ముక్తసరిగా మాట్లాడి ఫోన్ పెట్టేశారు. ఆ సంబంధం ఉంటుందో ఊడుతుందో నాకు తెలీదు.

ఇదీ నేను నీ పిల్లని దూరం చేసిన తీరు.

జెన్సీ


హారిసన్
20 సెప్టెంబర్ 2009

చెల్లీ,

ఇన్నాళ్ళూ రాయలేదు. రాయడానికి ఏం లేదు. నువ్వు రాసిందంతా నిజమని తెలుస్తూనే ఉంది, తెలిసినకొద్దీ కోపం ఎక్కువవుతోంది. నువ్వు అబద్ధమాడి ఉంటే బాగుండేది. అప్పుడు తప్పు నీదై, పిల్ల నాదై ఉండేది.

ఇక్కడ వసంతం వచ్చింది. మాగ్‌పై పిట్టలు గూళ్ళు పెట్టుకుని, దారిన పోయేవాళ్ళ నెత్తి మీదికి దూకుతున్నాయి. పిల్లల్ని కాపాడుకోవడానికట. సెంటర్‌కి వెళ్ళే దారిలో నన్ను రోజూ తరుముతోంది ఒకటి. తరమనీ అనుకుంటున్నాను.

నాకు ఈర్ష్యగా ఉంది జెన్సీ. ఎవరితోనూ అనలేదు, డేనీతో కూడా. నీ పక్కన పడుకుని అది నీ జడ చివర వేలికి చుట్టుకుంటుంది చూడు, పదిహేను రోజులూ అదే చూస్తూ మేలుకున్నాను. నా చెల్లెలివి కాకపోతే నిన్ను శపించేదాన్ని.

వీసా వచ్చింది. డిసెంబరు రెండో వారంలో డేనీ వచ్చి తీసుకొస్తాడు. మార్క్ వాళ్ళకి ఇవాళే ఫోన్ చేసి జనవరే ఖాయం చెయ్యి. దీని కోసం నీ పెళ్ళి చెడితే ఆ ఉసురు నాకు తగులుతుంది.

ఒకటి అడుగుతాను. ఇది నీచమని తెలిసే అడుగుతున్నాను. మమ్మీ తీసుకెళ్తోందని దానికి చెప్పకు. నువ్వే వెళ్ళిపోతున్నావని చెప్పు. పెళ్ళి చేసుకుని అమలాపురం వెళ్ళిపోతున్నాను, నిన్ను తీసుకెళ్ళను అని చెప్పు. నీ దగ్గర నుంచి నేను లాక్కుంటే, జీవితాంతం నన్ను ఆ టోపీ దొంగని చూసినట్టు చూస్తుంది. నువ్వు వదిలేస్తే నా దగ్గరికి తనే వస్తుంది. దాని మనసులో నాకు కొంచెం చోటు కావాలి. ఆ చోటంతా ఇప్పుడు నీ దగ్గరే ఉంది.

కాదంటే కాదను. ఏమీ అనుకోను.

అక్క


కాకినాడ
6 డిసెంబర్ 2009

అక్కకి,

రెండు నెలలు కాదనుకుంటూనే ఉన్నాను. బావ బయలుదేరే రోజు దగ్గర పడుతోందని నిన్న చెప్పేశాను.

అన్నం కలిపి పెడుతూ చెప్పాను. నాకు పెళ్ళి, అమలాపురం వెళ్ళిపోతున్నాను అన్నాను. "నేనూ వస్తాను" అంది. రాకూడదు, అక్కడ చోటు లేదు అన్నాను. "నేను చిన్నగానే ఉంటాను కదా" అంది. నేను ఇంకో ముద్ద కలిపాను. అప్పుడు నా వంక చూసి, "నువ్వు వెళ్ళలేవు, టోపీ నీ దగ్గర లేదుగా" అని నవ్వింది. లేచి వెళ్ళి నీ ట్రంకు పెట్టె తీశాను. టోపీ బయటికి తీసి నా నెత్తిన పెట్టుకున్నాను. అంతకంటే ఏం చెయ్యాలో నాకు తోచలేదు.

ఏడవలేదు అక్కా. ఏడుస్తుందని చేతులు కడుక్కుని సిద్ధంగా ఉన్నాను. కంచం పక్కకి నెట్టి, అమ్మ దగ్గరికెళ్ళి కూర్చుంది. అప్పట్నుంచి నాతో మాట్లాడటం లేదు. తల అమ్మ చేతే దువ్వించుకుంటోంది. రాత్రి కూడా అమ్మ పక్కనే పడుకుంది. మమ్మీ ఇంట్లో ఫ్యాను ఉందా, తనకి వేరే మంచం ఉందా అని అమ్మని అడుగుతోంది. నువ్వు అడిగింది జరిగింది.

ఈ ఏడు కేరల్స్‌కి నేను వెళ్ళడం లేదు. గొంతు బాగోలేదని చెప్పాను.

దానికి పులిహోరలో పల్లీలు పడవు, ఏరి పెట్టు. చీకట్లో బాత్రూముకి వెళ్ళదు, తలుపు దగ్గర నిలబడి మాట్లాడుతూ ఉండాలి. జ్వరం వస్తే కుడి చెవి పట్టుకుంటుంది. ఇవి ఇంక నీ పనులు.

నిజం మాత్రం దానికి చెప్పకు, కనీసం ఏడాది దాకా. ఇప్పుడే చెప్తే ఈ కోపం కూడా పోతుంది, బెంగ ఒక్కటే మిగులుతుంది. కోపంగా ఉంటే తొందరగా అలవాటు పడుతుంది. నన్ను అసహ్యించుకోనీ. పెళ్ళి పనుల్లో పడి నేనూ మర్చిపోతాను.

జెన్సీ


హారిసన్
31 జనవరి 2010

అమలాపురం కోడలికి,

మీ పెళ్ళి ఫోటోలు మార్క్ గారు పంపితే నిన్న సుమ ఆంటీ వాళ్ళ కంప్యూటర్లో చూశాం. తెల్లచీరలో నువ్వు చాలా బాగున్నావు. కొంచెం చిక్కావు. మార్క్ గారి చెయ్యి నీ వీపు వెనక ఎక్కడ పెట్టాలో తెలీక గాల్లో ఉంది. మంచివాడే.

ఎవా వచ్చిన రోజు నుంచి నాతోనే ఉంటోంది. నా పక్కనే పడుకుంటోంది. అన్నం నా చేత్తో పెడితేనే తింటోంది. డేనీ షిఫ్టుకి వెళ్తుంటే చెయ్యి ఊపి వచ్చి నా కొంగు పట్టుకుంటోంది. నీ పేరు ఒక్కసారి ఎత్తలేదు. నేను మురిసిపోయాను జెన్సీ. సిగ్గు లేకుండా మురిసిపోయాను. సెంటర్లో పనిచేస్తూ పాటలు పాడుకున్నాను.

నిన్న ఫోటోలు చూస్తుంటే రిషి నీ బొమ్మ మీద వేలు పెట్టి, "హూ ఈజ్ షీ?" అని అడిగాడు. ఎవా నింపాదిగా చూసి, తెలీదు అంది. సుమ ఆంటీ, "మీ పిన్ని కదమ్మా" అంది. "నాకు తెలీదు ఆంటీ" అంది మళ్ళీ. బిస్కెట్ తింటూ అంది.

నాకు లోపల ఏదో చల్లగా అనిపించింది. ఆ చల్లదనం చూసి నాకే భయం వేసింది. ఇవాళ నిన్ను తెలీదన్న పిల్ల రేపు నన్నూ అంతే నింపాదిగా అనగలదు. అలా అనడం దానికి నేర్పింది నేను.

నువ్వు ఏడాది ఆగమన్నావు. నేను ఒక్క పూట ఆగలేకపోయాను. గదిలోకి తీసుకెళ్ళి చెప్పేశాను. పిన్ని నిన్ను వదిలెయ్యలేదు, నిన్ను తనతో తీసుకెళ్ళాలని పెళ్ళే ఆపుకోబోయింది, వదిలేస్తున్నానని చెప్పమన్నది నేను అని. "ఎందుకు?" అంది. "నువ్వు నాకు కావాలని" అన్నాను. అది మంచం దిగి, సుమ ఆంటీ వంటింట్లోకి వెళ్ళిపోయింది. పొద్దుపోయే దాకా నా దగ్గరికి రాలేదు. వచ్చాక గోడ వైపు తిరిగి, నీ పేరు పెట్టి ఏడ్చింది. వచ్చిన రోజు ఏడవాల్సిన ఏడుపంతా ఏడ్చింది. ముట్టుకోబోతే చెయ్యి తోసేసింది. అయినా పక్కనే కూర్చున్నాను. వెళ్ళిపొమ్మనలేదు.

వచ్చే ఆదివారం చర్చి అయ్యాక నీకు ఫోన్ చేస్తాను. ఇంటి దగ్గరే ఉండు. ఫోన్ దాని చేతికిచ్చి నేను పార్కు వైపు వెళ్ళిపోతాను. మీ ఇద్దరి మాటలు వింటూ నిలబడేంత మంచితనం నాకు ఇంకా రాలేదు. నా మీద చాడీలు చెప్తే చెప్పనీ, అడ్డుపడకు. ఎంతసేపు ఏడిస్తే అంతసేపూ విను.

ఒక్కటే. మమ్మీ మంచిదే, తప్పు పట్టకు అని మాత్రం చెప్పకు. నువ్వు చెప్తే నమ్మేస్తుంది. అది నా అంతట నేను నమ్మించుకోవాలి.

అక్క
మరియరాణి